మాల్టు పేరు, మొలక పని

ఎండలు ముదిరిన నాళ్ళలో ప్రొద్దుటూరు వీధులలో ఉదయము నుండియే తోపుడుబండ్లు నిలుచును. బండిమీద పెద్ద బిందె, బిందెలో గోధుమవన్నె జావ, ప్రక్కన మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయలు. బండికి కట్టిన అట్టమీద "రాగి మాల్టు" అని వ్రాసియుండును. జమ్మలమడుగులోను, పులివెందులలోను ఇదే పానీయము, ఇదే పేరు. త్రాగినవారికి కడుపు నిండును, దాహము తీరును, ధర స్వల్పము. ఆ పానీయమునందు ఆక్షేపింపదగినది ఏమియు లేదు. ఆక్షేపణ యంతయు ఆ పేరు మీదనే.

మాల్టు అనగా నానబెట్టి, మొలకెత్తించి, తగిన సమయమున ఆరబెట్టి మొలకను ఆపివేసిన ధాన్యము. ఈ మూడు పనులలో ఏ యొక్కటి జరుగకున్నను అది మాల్టు కాదు. రాగులను ఊరక పిండిమరలో పట్టించి, ఆ పిండిని నీళ్ళలో కాచినచో వచ్చునది జావ. అది మంచి ఆహారమే. కాని మాల్టు కాదు. ఈ పొరపాటు బండివారిది మాత్రమే యనుట న్యాయము కాదు. పొట్లములమీద అచ్చువేయువారును, ఇండ్లలో వండువారును, చదువుకొన్నవారును ఈ రెండు మాటలను ఒకదానికి బదులొకటి వాడుచునే యున్నారు. "పేరేదైన నేమి?" అని ఎవరైన అడుగవచ్చును. ఈ పేరు మారుటతో ఒక రసాయనక్రియ మరుగున పడినది. ఆ క్రియ అవసరమైనచోట, ముఖ్యముగ పసిపిల్లల గిన్నెలో, దాని లోటు కనబడుచున్నది.

మాల్టును ఎంచుకొనుట ఎంత జాగ్రత్తతో కూడిన పనియో తెలియుటకు, ఆ పనిని శతాబ్దములుగా చేయుచున్న దేశము నొకదానిని చూచుట మంచిది. స్కాట్లండు దేశమున బార్లీ మాల్టునుండి "ఏల్" అను ఒక విధమైన బీరు తయారగును. బ్రిటనులో 1963 నుండి ఎవరింట వారు తమ వాడుకకై దీనిని లైసెన్సు లేకయే చేసికొనవచ్చును. మన రాష్ట్రమున పరిస్థితి వేరు. 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము. పైగా కడప జిల్లా ఈ విషయమున పాత చరిత్ర గలది. 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించిన మద్రాసు ప్రభుత్వము, మరుసటి సంవత్సరము దానిని విస్తరించిన జిల్లాలలో కడప యొకటి. కనుక ఇచ్చట బీరు ప్రస్తావన దానిని చేయుటకు కాదు, దాని వెనుకనున్న ధాన్యశాస్త్రమును తెలిసికొనుటకు మాత్రమే.

స్కాచి ఏల్ చేయువాడు తన ధాన్యమును రెండు రాశులుగ తలచును. పెద్ద రాశి తేలికగ ఆరబెట్టిన లేత వన్నె మాల్టు. 20 లీటర్లకు ఇది సుమారు 4 కిలోలు పట్టును. చిన్న రాశి నల్లగ మాడునంతవరకు వేయించిన బార్లీ. ఇది 100 గ్రాములకు మించదు. ఆ పానీయమునకు ఎర్రని వన్నె, కొంచెము కమ్మని చేదు ఈ గుప్పెడు గింజలవలననే వచ్చును. వన్నె నిచ్చునది నల్లని గింజయే కదా, అదే ఎక్కువ వేసిన మరింత బాగుండునని తోచవచ్చును. కాని నల్లగింజ ఒక్క పని చేయలేదు: తన పిండిపదార్థమును తాను చక్కెరగా మార్చుకొనలేదు. ఆ పని చేయగల శక్తి లేత మాల్టుకు మాత్రమే కలదు. 1817లో లండనులో డేనియల్ వీలర్ అను నతడు ధాన్యమును వేయించు లోహపు డ్రమ్ముకు పేటెంటు పొందినపిదప, వన్నె కొక గింజ, బలమున కొక గింజ అను ఈ విభజన స్థిరపడినది. అంతకుముందు మొత్తము మాల్టునే గోధుమవన్నె వచ్చువరకు కాల్చుచుండిరి. వన్నె వచ్చెడిది, బలము తగ్గెడిది.

ఈ "బలము" ఏమి? 1833లో పేయెన్, పెర్సో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మాల్టును నీటిలో నానవేసి, ఆ నీటినుండి ఒక పదార్థమును వేరుచేసిరి. అది పిండిపదార్థమును చక్కెరగా మార్చినది. దానికి డయాస్టేజు అని పేరు పెట్టిరి. మానవుడు వేరుచేసిన మొట్టమొదటి ఎంజైము ఇదియే. గింజలో దాగియున్న పిండి మొలకకు కూడబెట్టిన ఆహారము. కాని పిండి అణువు చాల పెద్దది, నీటిలో కరుగదు, లేతమొలక దానిని గ్రహింపజాలదు. అందుచే మొలక కదలుటతోడనే గింజ ఈ ఎంజైములను సమకూర్చుకొని పిండి గొలుసులను ముక్కలు చేయును. వానిలో ముఖ్యమైనవి రెండు. ఆల్ఫా అమైలేజు గొలుసును నడిమధ్య ఎచ్చటబడిన అచ్చట త్రుంచును. దానివలన చిక్కని గంజి క్షణములలో పలుచబడును. బీటా అమైలేజు గొలుసు కొననుండి రెండేసి గ్లూకోజులను జంటగ కత్తిరించుచు వచ్చును. ఆ జంటయే మాల్టోజు, అనగా మాల్టు చక్కెర. బీటా సుమారు 60–65 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద బాగుగ పనిచేసి, ఆపైన త్వరగ నశించును. ఆల్ఫా 70 వరకు ఓర్చుకొనును. స్కాచి ఏల్ చేయువాడు మాల్టును 68–70 డిగ్రీల నీటిలో నానబెట్టుట కిదియే కారణము. బీటా మందగించును, పూర్తిగ చక్కెర కాని ముక్కలు మిగులును, పానీయము నాలుకకు నిండుగ తగులును. ఎంచుకొన్నది గింజ మాత్రమే కాదు, ఆ గింజలోని ఏ ఎంజైముచేత పని చేయించవలెనో అదియును ఎంచుకొనినట్లే.

గింజ జాతి విషయములోను ఇదే పట్టుదల. స్కాట్లండులో చిరకాలము మన్నన పొందిన గోల్డెన్ ప్రామిస్ అను బార్లీ, 1956లో మేథార్ప్ అను రకపు విత్తనములపై గామా కిరణములు ప్రసరింపజేయగా పుట్టినది. దాని కాడ పొట్టిది, గాలికి పడిపోదు. పంట త్వరగ చేతికి వచ్చును. అణుశక్తి వ్యవసాయమునకు ఉపకరించిన తొలినాటి ఉదాహరణములలో ఇది యొకటి. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది.

ఇక హాప్. ఇది గంజాయి కుటుంబమునకు చెందిన ఒక తీగ. దాని ఆడపూగుత్తులలోని జిగురును ద్రవముతో గంటసేపు మరగించినచో, అందలి ఆమ్లములు రూపుమారి చేదుగ కరుగును. చేదుకన్న ముఖ్యమైన పని మరొకటి కలదు: పాలను పెరుగు చేయునట్టి లాక్టిక్ బాక్టీరియాలు పెరుగకుండ అది అడ్డుపడును. వేసవిలో బాగుగ దీర్ఘమైన పగళ్ళు లేనిదే ఈ తీగ సరిగ పూయదు. మన దేశమున హిమాచల ప్రదేశములోని లాహౌల్ లోయలో సాగుచేసిరి. స్కాచి ఏల్‌కు చాలమంది ఎంచుకొనునది ఇంగ్లండులోని కెంటు ప్రాంతపు గోల్డింగ్స్. 20 లీటర్లకు 30 గ్రాములు సరిపోవును.

ఇంత కొద్దిగ వేయుటకు కారణము చెప్పుమన్న, వెంటనే ఒక కథ వినిపింతురు: స్కాట్లండు చలిదేశము, అచ్చట హాప్ పండదు, ఇంగ్లండునుండి కొనుట ఖరీదు, కనుక పొదుపుగ వాడిరి అని. మరొక కథ, ఆ ఏల్‌లో పీటు బొగ్గు పొగవాసన యుండవలెనని. రెండును వినుటకు సొంపుగ నున్నవి. కాని పాత సారాబట్టీల చిట్టాలు తిరుగవేసి చూచిన చరిత్రకారులకు 19వ శతాబ్దపు స్కాచి బీర్లలో హాప్ ఇంగ్లండువానికన్న తక్కువ యనుటకు ఆధారము దొరకలేదు. పీటు పొగ విస్కీకి చెందినది. దానిని బీరుకు తరువాతివారు అంటగట్టిరి. వినుటకు సొంపైన ప్రతి కారణమును నమ్మరాదనుటకే ఈ సంగతి చెప్పవలసి వచ్చినది. రాగి మాల్టు విషయములోను అట్టి కథలు కలవు.

ఇప్పుడు పెన్నా తీరమునకు రావచ్చును. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతపు నల్లరేగళ్ళలో జొన్న, కొర్ర చిరకాలపు పంటలు. జొన్నరొట్టె, సంగటి ఇచ్చటి తిండి. పులివెందుల వైపు వేరుసెనగ, ఆపై చీని, అరటి తోటలు విస్తరించుటతో చిరుధాన్యములు వెనుకబడి, రాగులు అంగడిలో కొనవలసిన వస్తువైనవి. మూడుచోట్లను రాగి, జొన్న, కొర్ర దొరకును. ఈ మూడింటిలో మాల్టుకు తగినది ఏది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారు మన దేశమువారే. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలో మల్లేశి, దేశికాచార్ ప్రభృతులు 1980 ప్రాంతమున చిరుధాన్యములను మొలకెత్తించి పరీక్షించిరి. వానిలో రాగికే అగ్రస్థానము దక్కినది. మొలకెత్తిన రాగిలో అమైలేజు సమృద్ధిగ పుట్టును. వాసన కమ్మగ నుండును. మొలకెత్తునపుడు బూజు పట్టుటకూడ తక్కువ. మండు వేసవిలో తడిగుడ్డలో రెండు రోజులుంచవలసిన గింజకు ఈ చివరి గుణము చిన్నదేమియు కాదు. బార్లీ 15 డిగ్రీల చల్లదనమున మొలకెత్తుట కిష్టపడును. రాగి 25–30 డిగ్రీలవద్ద హాయిగ మొలచును. కడప జిల్లాకు ఏది తగినదో వేరుగ చెప్పనక్కరలేదు.

జొన్న సంగతి వేరు. దాని మొలకలో ఆల్ఫా అమైలేజు పుట్టునుగాని బీటా మిక్కిలి తక్కువ. అదిగాక జొన్నపిండి ఉడుకుటకు బార్లీకన్న ఎక్కువ వేడి కావలెను. ఆ వేడిలో ఎంజైములు నిలువవు. 1988లో నైజీరియా ప్రభుత్వము బార్లీ దిగుమతిని నిషేధించినప్పుడు అచ్చటి కర్మాగారములు జొన్నకు మారవలసివచ్చి, ఈ చిక్కును ఎదుర్కొని, బయటి ఎంజైములు చేర్చి గట్టెక్కినవి. దక్షిణాఫ్రికా గ్రామములలో జొన్న మాల్టు పానీయములు పూర్వమునుండియు కలవు. కనుక జొన్న పనికిరాదనుట కాదు. అయితే జొన్నమొలకలో ఒక అపాయము కలదు. రైతు దానిని "నాము" అని పిలుచును. వాన వెనుకబడి పైరు వాడినపుడు, లేక కోసిన మోళ్ళనుండి లేతపిలకలు లేచినపుడు, ఆ చేనిలో పడి మేసిన గొడ్డు కడుపుబ్బి, ఊపిరాడక, కొలది సేపటిలో నేలకూలుట జమ్మలమడుగు రైతులకు తెలియనిది కాదు. లేతజొన్నలో ధుర్రిన్ అను పదార్థము కలదు. ఆకు నలిగినపుడు దానినుండి హైడ్రోసయనిక్ ఆమ్లము వెలువడును. గింజనుండి క్రొత్తగ వచ్చిన మొలకలోను, వేరులోను ఇదే ధుర్రిన్ హెచ్చుగ నుండును. ఎండిన పిదప మొలకను, వేరును నలిపి చెరిగివేసినచో అధికభాగము పోవును. దక్షిణాఫ్రికా స్త్రీలకు ఆ చెరుగుట అలవాటు. మనవద్ద "అన్ని చిరుధాన్యముల మొలకల పిండి" అను పేర జొన్నలనుగూడ కలిపి నానబెట్టి, మొలకలతోనే పట్టించు వంటకములు ఇటీవల ప్రచారమునకు వచ్చినవి. పచ్చి జొన్నమొలకలు తినవచ్చునని చెప్పువారును కలరు. పశువునకు నాము తెలిసిన ఊరిలో బిడ్డకు ఆ పిండి పెట్టుట తగదు. ఈ ఒక్క విషయమున మాత్రము మెత్తగ మాటలాడుటకు వీలులేదు.

రాగి మాల్టు చేయు విధము కష్టమైనది కాదు. మొలకెత్తు గింజ కావలెను, ఇది మొదటి మాట. అంగడి రాగులలో ఏండ్లు నిలువయున్నవి, తేమ తగిలినవి ఉండవచ్చును. నూరు గింజలు లెక్కించి తడిగుడ్డలో నుంచి, రెండు రోజుల పిదప మొలిచినవి ఎన్నియో చూచుట పిల్లలు చేయగల పని. బార్లీ కొనువారు నూటికి 95కు తగ్గిన మొలక నొప్పుకొనరు. తరువాత రాత్రియంతయు నానబెట్టి, నీరు వడగట్టి, తడిగుడ్డలో మూటకట్టి, అప్పుడప్పుడు నీరు చిలకరించుచు రెండు రోజులుంచవలెను. ఎండలో గలగలలాడునట్లు ఆరబెట్టి, వేళ్ళు నలిపి చెరిగి, ఆపైన కొంచెము వేడిచేసి పట్టించవలెను.

ఆ "కొంచెము వేడి" దగ్గరనే చాలమంది తప్పటడుగు వేయుచున్నారు. తడిగనున్న గింజకు వేడి తగిలినచో ఎంజైము చచ్చును. బాగుగ ఎండిన గింజలో అదే ఎంజైము 70–75 డిగ్రీలు సహించును. ఇంట బాణలిలో వాసన వచ్చువరకు వేయించుట, అందును చెమ్మ ఆరకముందే వేయించుట వాడుక. కమ్మని వాసన వచ్చును, ముదురు వన్నె వచ్చును. స్కాచి ఏల్‌లోని నల్లని బార్లీకిని దీనికిని భేదము లేదు: వన్నె, వాసన ఉన్నవి, పని చేయు శక్తి పోయినది. రెండు రోజులు శ్రమపడి పుట్టించిన దానిని అయిదు నిమిషములలో కాల్చివేసినట్లయినది. పేరునకు మొలకల పిండియే, మాల్టు మాత్రము కాదు. వండునపుడు మరుగుచున్న నీటిలో పిండి నొక్కసారిగ పోయుటవలనను ఇదే నష్టము.

శక్తి పోయిన నేమి నష్టము? ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డ కడుపు చిన్నది. మామూలు పిండితో జావ చిక్కగ కాచిన బిడ్డ మింగలేదు. పలుచగ కాచిన కడుపంతయు నీరే నిండును. మాల్టు పిండిలోని ఆల్ఫా అమైలేజు చిక్కని జావను, నీరు పోయకయే పలుచన చేయును. అదే గిన్నెడు జావలో రెట్టింపు పిండి ఇమిడించినను బిడ్డ త్రాగగలదు. 1980 దశకమున బరోడా విశ్వవిద్యాలయములో తారా గోపాల్‌దాస్ ఈ విషయముపై పరిశోధనలు చేసి, గిన్నెడు జావలో కొద్దిపాటి మొలకపిండి కలిపిన చాలునని చూపిరి. మిగిలిన జావ ఇంటిలోనున్న ఏ పిండితోనైన కావచ్చును. ఇంతటి ఉపాయమును దాచియుంచిన మాట "మాల్టు". ఆ మాట బండి అట్టమీది పేరుగ మాత్రమే మిగులుట విచారకరము.

ఇక రెండవవైపు కథలు. "మొలకెత్తించిన రాగిలో కాల్షియము ఎన్నోరెట్లు పెరుగును" అని తరచు వినబడును. 100 గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. వరి, గోధుమలకన్న ఇది చాల ఎక్కువ. కాని కాల్షియము మూలకము. మొలక దానిని శూన్యమునుండి పుట్టించజాలదు. మొలక ఊపిరి పీల్చి కొంత పిండిని బొగ్గుపులుసు వాయువుగ వదలుటచే, మిగిలిన బరువులో దాని పాలు స్వల్పముగ హెచ్చినట్లు కనబడును, అంతే. నిజముగ జరుగు మేలు వేరు: ఇనుము మున్నగువానిని పట్టియుంచు ఫైటేటు మొలకెత్తుటచే తగ్గి, ఉన్న ఇనుము శరీరమునకు మరికొంత ఎక్కువగ అందును. కొందరు మాల్టును పొగడుటలో అతిశయోక్తికి పోయి, అసలైన గుణమును విడిచిపెట్టుచున్నారు.

ఈ దృష్టితో చూచిన, 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమున బెల్లముతో చేర్చిన పానీయమునకు "రాగిజావ" అని పేరు పెట్టుట మెచ్చదగినది. అది జావయే, మాల్టని చెప్పలేదు. పదేండ్ల పిల్లవానికి చిక్కని జావ త్రాగుటలో ఇబ్బంది లేదు, కాల్షియము రెండింటను ఒక్కటే. అచ్చట మొలకెత్తించుటకై శ్రమపడనక్కరలేదు. మాల్టు ప్రతిచోట కావలెనని వాదించుట మరొక వెర్రి యగును.

హాప్‌కు బదులు రాయలసీమ వంటింట ఏమున్నది? ఏమియు లేదు, ఉండనక్కరలేదు. రాత్రి మిగిలిన సంగటిని నీటిలో కలిపియుంచిన తెల్లవారునప్పటికి పులిసి అంబలి యగును. ఆ పులుపు నిచ్చునవి లాక్టిక్ బాక్టీరియాలు. స్కాట్లండువాడు హాప్ వేసి వేనిని గడప దాటనీయడో, వానినే పులివెందుల గృహిణి పిలిచి కూర్చుండబెట్టును. అవి పుట్టించు ఆమ్లమే చెడు సూక్ష్మజీవులకు అడ్డు. రెండును ఆహారమును కాపాడు ఉపాయములే. ఒకటి చేదుతో, రెండవది పులుపుతో.

పైన చెప్పినదానిని తరగతిలో చూపుటకు పెద్ద ప్రయోగశాల అవసరము లేదు. బియ్యపుపిండితోనో జొన్నపిండితోనో చెంచా నిలుచునంత చిక్కగ గంజి కాచి, మూడు గ్లాసులలో పోయవలెను. 65 డిగ్రీల వరకు చల్లారిన పిదప మొదటి దానిలో ఒక చెంచా మామూలు రాగిపిండి, రెండవదానిలో ఎండలో ఆరబెట్టి పట్టించిన మొలకపిండి, మూడవదానిలో బాణలిలో ఎర్రగ వేయించిన మొలకపిండి వేసి కలియబెట్టి, గ్లాసులను వేడినీటి గిన్నెలో నుంచవలెను. పదిపదిహేను నిమిషములకు రెండవ గ్లాసులోని గంజి పోసిన జారునంత పలుచబడును. మూడవది మొదటిదానివలెనే చిక్కగ నిలుచును. ఒక్కొక్కదానినుండి ఒక బొట్టు తీసి, నీటిలో కలిపి, అయొడిను చుక్క వేసిన మొదటిదియు మూడవదియు ముదురు నీలమగును. రెండవది కొంతసేపటి తరువాత ఊదా, ఆపై ఎరుపు చాయకు తిరుగును. అంగడిలో కొన్న "రాగి మాల్టు" పొట్లములనుండి ఒక చెంచాడు నాలుగవ గ్లాసులో వేసి చూచిన, అది ఏ గ్లాసును పోలినదో పిల్లలే చెప్పుదురు.